ముప్పై ఒకటో ఎత్తు

యంత్రం మూడోసారి కూడా అదే మాట చెప్పింది. ముప్పై ఒకటో ఎత్తుకి ఎదురుగా, తెర మీద, ఒకే ఒక్క మాట: కనబడలేదు.

మణిమాల కళ్లజోడు తీసి, చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది, తప్పంతా కళ్లజోడుదే అయినట్టు. పక్కన జోసెఫ్ నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్లుగా ఈ ప్రయోగశాలలో ఆమెతో కలిసి పని చేస్తున్న మనిషి, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాడు. కాగితం ఇరవై ఆరేళ్ల నాటిది కదా మేడమ్, గీతలు మాసిపోయి ఉండొచ్చు అన్నాడు. ఆమెను ఊరడించడానికే అన్నాడు. అదే కాగితం మీద ఇరవై మూడో ఎత్తు దగ్గర కలం తడబాటు కొట్టొచ్చినట్టు కనబడుతోందని ఇద్దరికీ తెలుసు.

ఆ యంత్రానికి వాళ్లు పెట్టుకున్న పేరు జాడ. చూడ్డానికి జిరాక్స్ మిషన్‌కి తమ్ముడిలా ఉంటుంది. చదరంగం పోటీల్లో ఆటగాళ్లు ప్రతి ఎత్తునీ స్కోర్‌షీట్ మీద రాసుకుంటారు, అడుగున కార్బన్ కాపీ ఒకటి తయారవుతుంది. ఆ కాపీని జాడలో పెడితే పక్క నుంచి సన్నటి వెలుగు పడి, కలం ఎక్కడ నొక్కిందో, ఎక్కడ ఆగిందో, ఏ అక్షరం రాయబోయి ఏ అక్షరం రాసిందో అన్నీ తెర మీదకి వస్తాయి. మనసులో ఒక ఎత్తు పెట్టుకుని చేత్తో ఇంకో ఎత్తు రాసేవాడి కలం, రాసే ముందు వెంట్రుకవాసి అటు మొగ్గుతుంది. కంటికి దొరకదు, కార్బన్‌కి దొరికిపోతుంది. ఏ ఎత్తు మంచిదో చెప్పడానికి ఇవాళ జేబులో ఫోను చాలు. ఆ మంచి ఎత్తు ఆటగాడికి కనబడిందా, కనబడి కూడా వదిలేశాడా అన్నది చెప్పేది మాత్రం జాడ ఒక్కటే. ఆరువందల మంది ఆటగాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల కళ్ల కదలికలతో సరిచూసుకుని మరీ సాధించిన విద్య అది.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ఆరువందల మందీ ప్రయోగం కోసం ఆడినవాళ్లు. నిజమైన పోటీలో, గెలుపు కళ్లెదుట చూసి, కావాలని చేజార్చుకున్న మనిషి కాగితం ఒక్కటైనా ఉంటే తప్ప పరీక్ష పూర్తి కాదని జోసెఫ్ మొదటి నుంచీ పోరుతున్నాడు. అలాంటి కాగితం ఎవరి దగ్గర దొరుకుతుంది? ఆట వదిలేసినవాడు ఆ సంగతి టముకు వేసుకోడు కదా. మణిమాల దగ్గర మాత్రం ఉంది. అది ఆమె అక్క నూకరత్నం కాగితం. చదరంగం సంఘం వేసిన విచారణ కమిటీకి పంపిన నివేదికలో ఆమె ముందే ధీమాగా రాసేసింది కూడా: జాడకి చివరి పరీక్ష, తెలిసి వదిలేసిన ఒక ఆట. ఫలితం విచారణ రోజున సమర్పిస్తాం.

ఆ ఆట కథ అనకాపల్లి బెల్లం మార్కెట్ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. రత్నానికి పందొమ్మిది, మణికి పదహారు. రాజమండ్రిలో ఒక కల్యాణ మండపంలో రాష్ట్ర జూనియర్ బాలికల పోటీ. చివరి రౌండులో అక్కాచెల్లెళ్లే ఎదురుపడ్డారు. గెలిచిన ఒక్కరే జాతీయ పోటీకి వెళ్తారు. ముప్పై ఒకటో ఎత్తు దగ్గర రత్నం తన మంత్రిని చెల్లెలి రాజు పక్కనున్న బంటు మీద పడేస్తే చాలు. రాజు దాన్ని తినక తప్పదు. ఆ పైన ఏనుగు అంచు వరసలోకి వచ్చి రాజుకి షా అంటుంది, మధ్యలో ఏది అడ్డం పెట్టినా మూడో ఎత్తుకి ఆటకట్టు. రత్నం ఆ ఎత్తు వెయ్యలేదు. ఎక్కడో అవతలి మూలనున్న బంటుని ఒక గడి జరిపింది. ఇంకో పది ఎత్తుల్లో మణి గెలిచింది.

అంత తేలికైన ఎత్తు రత్నంలాంటి ఆటగత్తెకి కనబడకపోవడమేమిటి? చెల్లెలి కోసం వదిలేసింది. అందరూ అదే అన్నారు. మణి జాతీయ పోటీకి వెళ్లింది, గెలిచింది, దేశదేశాలు తిరిగింది, గ్రాండ్‌మాస్టర్ అయింది. రత్నం ఊళ్లోనే ఉండిపోయి, స్కూల్లో ఆటల టీచరుగా చేరి, సాయంత్రాలు పిల్లలకి చదరంగం నేర్పుతోంది. ఏటా బహుమతుల రోజున ఎవరో ఒకరు మైకు పుచ్చుకుని ఆ త్యాగం గురించి గొంతు గద్గదం చేసుకుని, రత్నం భుజాల మీద శాలువా కప్పుతారు. మణిమాలకి పెళ్లి సంబంధం చూసింది రత్నం. మణిమాల కూతురికి పేరు పెట్టింది రత్నం. ఏ పోటీకి వెళ్లాలో, ఏది మానుకోవాలో చెప్పింది కూడా రత్నమే. తన భవిష్యత్తుని అరచేతిలో పెట్టి ఇచ్చేసిన మనిషికి ఎదురు చెప్పడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

ఇక గురువారం నాటి విచారణ సంగతి. బోనంగి కిరీటి అని విజయనగరం కుర్రాడు, ఇరవై రెండేళ్లవాడు, దేశంలో మొదటి అయిదుగురిలో ఒకడు. మొన్నటి జాతీయ చాంపియన్‌షిప్ చివరి రౌండులో హేమచంద్రతో ఆడాడు. హేమచంద్ర అతనికి ప్రాణస్నేహితుడు, ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే గదిలో ఉంటూ కలిసి ఆడుకుంటున్నారు. ముప్పై నాలుగో ఎత్తు దగ్గర కిరీటి ఏనుగుని బలిచ్చి ఉంటే గెలిచేవాడు. ఇవ్వలేదు. ఆట డ్రా అయింది, ఆ అర పాయింటుతో హేమచంద్ర చాంపియన్ అయ్యాడు. స్నేహితుడి కోసం ఆట వదిలేశాడని ఫిర్యాదు వచ్చింది. నాకా ఎత్తు కనబడలేదు అంటాడు కిరీటి. కనబడింది, వదిలేశాడు అంటుంది జాడ. నేరం రుజువైతే జీవితాంతం నిషేధం. ఆట తప్ప ఇంకేమీ చేతకాని కుర్రాడు, డిగ్రీ కూడా మధ్యలో మానేశాడు.

అనకాపల్లిలో శాలువా కప్పిన పనికే ఇక్కడ వెలివేస్తామంటున్నారు. ఈ తిరకాసు మణిమాలకి తట్టకపోలేదు. తట్టినా పక్కకి నెట్టేసింది, పని చేసే మనుషులకి ఆ విద్య బాగా తెలుసు.

ఇప్పుడు పక్కకి నెట్టడానికి లేదు. రత్నం నిజంగా చూసి వదిలేసి ఉంటే జాడ చెప్పేది తప్పు, కిరీటి బయటపడతాడు. జాడ చెప్పేది నిజమైతే కిరీటి పని అయిపోయినట్టే. రత్నం సంగతి ఏమవుతుందో ఆలోచించడానికి మణిమాలకి ధైర్యం చాలలేదు.

జోసెఫ్‌ని భోజనానికి పంపేసి ఆమె బీరువా తీసింది. అడుగు అరలో ఒక పాత ప్లాస్టిక్ కవరు, అందులో తన సొంత కాగితం. పదకొండేళ్ల కిందట ఐరోపాలో ఒక చలి ఊళ్లో జరిగిన క్యాండిడేట్స్ పోటీ చివరి ఆట అది. గెలిస్తే ప్రపంచ చాంపియన్‌తో తలపడే హక్కు వస్తుంది. ఇరవై ఏడో ఎత్తు దగ్గర ఏనుగుని ఇచ్చేస్తే ప్రత్యర్థి రాజుకి దిక్కుండదు. ఆమె ఏనుగుని ఇవ్వలేదు, మంత్రుల్ని మార్చుకుంది, ఆట డ్రాగా ముగిసింది. తెల్లారేసరికి ప్రపంచమంతా ఆ ఏనుగు గురించే మాట్లాడుకుంది. నాకు కనబడలేదు అని విలేకరులతో నవ్వుతూ చెప్పింది మణిమాల. ఆ ఏడాదే పోటీల నుంచి తప్పుకుంది.

కాగితాన్ని జాడలో పెట్టింది. ఏం చెబుతుందో ఆమెకి తెలుసు. అయినా తెర దగ్గరికి వంగి చూసింది. ఇరవై ఏడో ఎత్తు: కనబడింది, వదిలేసింది.

అంటే యంత్రంలో లోపం లేదు. మణిమాల రత్నం కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. వాళ్ల గురువు అప్పలాచార్యులు మాస్టారు ముందు ఎత్తు కాగితం మీద రాసి, రాసింది ఇంకోసారి చూసుకుని, అప్పుడు పావు ముట్టుకోమని నేర్పేవారు. ఆ తరవాత రోజుల్లో ఆ పద్ధతిని నిషేధించారు గానీ, అప్పట్లో ఆయన శిష్యులంతా అలాగే రాసేవారు. రాసి కొట్టేసినవి, రాస్తూ ఆగినవి, రత్నం కాగితం నిండా అవే. ముప్పై ఒకటో గడిలో మాత్రం ఏమీ లేదు. కలం వచ్చింది, రాసింది, వెళ్లిపోయింది. కిరాణా చీటీ రాసినట్టు రాసింది రత్నం ఆ ఎత్తుని.

సాయంత్రం నాలుగున్నరకి ఆమె అనకాపల్లిలో బస్సు దిగింది. రత్నం మేడ మీద హాల్లో పిల్లలకి పాఠం చెబుతోంది. చెల్లెల్ని చూసి, ఏటే ఈ ఏళప్పుడు వచ్చీసావు, ఏవైనా తిన్నావా అని అడిగి, జవాబు కోసం చూడకుండా ఒక పిల్లాడి బోర్డు మీదకి వంగి గుర్రాన్ని సరిచేసింది. ఆవిడ పాఠం అయిపోయేవరకూ మణిమాల గోడవార బల్ల మీద కూర్చుంది. నలభై అయిదేళ్ల మనిషి, జుట్టు సగం నెరిసింది, గొంతు మాత్రం హాలంతా ఖంగుమంటోంది. పిల్లలు ఆవిడంటే హడలి చస్తారు, ఆవిడ కోసం పడి చస్తారు.

పిల్లలు వెళ్లిపోయాక రత్నం పావుల్ని డబ్బాల్లో వేస్తుంటే మణిమాల వెళ్లి ఎదురుగా కూర్చుంది. గురువారం కమిటీ ముందుకి రమ్మని రత్నానికీ ఉత్తరం వచ్చింది, అది ఆ బల్ల మీదే ఉంది. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ వచ్చిన మాటలన్నీ మణిమాలకి బస్సులోనే పోయాయి. అక్కని సూటిగా అడిగేసింది.

"అప్పా, ఆ రోజు మంత్రి ఎత్తు నీకు కనపడిందా?"

రత్నం చెయ్యి ఆగలేదు. "కనపడకపోవడవేటి? చూసీసినాను, వొదిలీసినాను. దానికిప్పుడేటొచ్చింది?"

మణిమాల కొండంత బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంది. అయితే జాడ తప్పు. తొమ్మిదేళ్ల పని తప్పు. ఆ క్షణాన అదే ఆమెకి సంతోషంగా ఉంది. ఆ కుర్రాడి మెడ మీంచి కత్తి తప్పినట్టే అని చెప్పి, జరిగిందంతా వివరించింది. యంత్రం మూడుసార్లు కనబడలేదని చెప్పిన సంగతీ చెప్పింది. కమిటీకి కూడా ఈ మాటే చెప్పు, ఎప్పుడు చూసావో, ఏమనుకుని వదిలేసావో అడుగుతారు, ఒక్కసారి నాకు చెప్పు రాసుకుంటాను అంటూ సంచిలోంచి పుస్తకం తీసింది.

రత్నం డబ్బా మూత పెట్టబోయి ఆగింది. వీధిలో ఎవరో లారీ మీదకి బెల్లం దిమ్మలు ఎక్కిస్తూ లెక్క అరుస్తున్నారు.

"రాయకు," అంది చివరికి. "నాకేటీ కనపళ్లేదే."

మణిమాల పుస్తకం మూసింది.

"ఆట అయ్యాక బైటికొచ్చాను. మాస్టారొచ్చి, చెల్లి కోసం వొదిలీసావేటమ్మా అన్నారు. అప్పటిదాకా నాకా ఎత్తు ఉందనే తెల్దు. ఆరేళ్ల గుంటలకి కూడా కనపడే ఎత్తు అది. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్న పక్కనే ఉన్నాడు. తల దించీసుకున్నాను. అంతే. నేనొక్క మాట కూడా అన్లేదు మణీ, అందరూ వాళ్లే అనీసుకున్నారు."

ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా తెలిసిపోయిందని చెప్పింది. రేపు చెప్దామనుకుందట, ఎల్లుండి చెప్దామనుకుందట. మణి జాతీయ పోటీ గెలిచి వచ్చాక ఇంక చెప్పడానికి వీల్లేకపోయింది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా ఆ మాటే చెప్పుకుని మురిసిపోయారు. పోనుపోను తనకే నమ్మకం కుదిరిపోయింది. ఒక్కోసారి ఆ మంత్రి ఎత్తు చూసినట్టు, చెల్లి మొహంకేసి చూసి వదిలేసినట్టు కళ్లకి కట్టేదట. ఇందాక నువ్వడిగినప్పుడు కూడా అబద్ధం ఆడుతున్నానని నాకు తెలీలేదే అంది.

మణిమాలకి ఏడుపు రావాల్సింది. రాలేదు. ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్లు ఎదురు చెప్పకుండా తలూపిన ప్రతి సందర్భమూ ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆమె జీవితంలో ఎప్పుడూ అక్క ముందు గొంతు పెంచలేదు. అప్పుడు కూడా పెంచలేదు. మెల్లిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది.

"క్యాండిడేట్స్‌లో నేను ఏనుగుని ఎందుకివ్వలేదో నీకు తెలీదు. ఇచ్చి ఓడిపోతే నాదొక్కదాని ఆటే పోదు అనుకున్నాను. అప్ప తన బతుకు నాకిచ్చేసింది, దాన్ని తీసుకెళ్లి ఒక్క ఎత్తు మీద ఎలా పెట్టను అనుకున్నాను. ప్రతి ఆటా అలాగే ఆడాను అప్పా. ఎప్పుడూ నా ఆట ఆడలేదు."

రత్నం తలెత్తి చూసింది. "నీకా ఏనుగు ఎత్తు కనపడ్డాదా?"

"కనపడింది."

రత్నం డబ్బాని పక్కకి జరిపేసింది. ఆవిడ చేతులు బల్ల మీద ఖాళీగా పడి ఉన్నాయి. చెల్లెలు గెలుపు చేజార్చుకుని వచ్చిన ఆ రోజుల్లో, కనపళ్లేదంటే కనపళ్లేదు, నాకు కూడా అలా అవుతుండేది అని ఓదార్చబోయి నాలుక్కరుచుకున్న సంగతి ఆవిడకి గుర్తుండే ఉంటుంది.

లేచే ముందు మణిమాల తను చెయ్యబోయేది చెప్పింది. గురువారం కమిటీ ముందు జాడ తప్పు చెప్పిందంటుంది. రత్నం వచ్చి, చూసి వదిలేశానని ఒక్క మాట చెబితే చాలు. కుర్రాడు బయటపడతాడు, రత్నం పేరు రత్నానికి ఉంటుంది. మరి నీ తొమ్మిదేళ్ల కష్టం అని రత్నం అడిగింది. పోతుంది అంది మణిమాల. ప్రేమతో అందో కసితో అందో ఆమెకే తెలియలేదు. రత్నం సరేనని తలూపింది. అక్క తన మాటకి తలూపడం మణిమాల అదే మొదటిసారి చూడటం.

విచారణ ఇండోర్ స్టేడియంలో మీటింగు గదిలో జరిగింది. పొడవాటి బల్లకి అవతల ముగ్గురు సభ్యులు, మధ్యలో విశ్రాంత న్యాయమూర్తి నాగభూషణం గారు. ఇవతల కిరీటి ఒక్కడే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్లు కొరుక్కుంటూ. వెనక వరస కుర్చీల్లో రత్నం, గుమ్మం దగ్గర జోసెఫ్. జోసెఫ్‌కి మణిమాల తన నిర్ణయం ముందురోజే చెప్పింది. అతను వాదించలేదు గానీ ఆ రోజు ఆమెకి టీ తెచ్చివ్వలేదు.

మణిమాల లేచి చెప్పదలుచుకున్నది చెప్పింది. తెలిసి వదిలేసిన ఆట అని తమ దగ్గరున్నది ఒక్కటే, దాని విషయంలో జాడ కనబడలేదని తప్పుగా చెప్పింది, కాబట్టి కిరీటి విషయంలో కూడా దాని మాట చెల్లదు. ఒక్క మాట కూడా తడబడలేదు. తన చేత్తో తన బిడ్డ గొంతు నులుముతున్నట్టనిపించింది, అది వేరే సంగతి.

నాగభూషణం గారు కాగితాలు తిరగేసి, ఆ ఆట ఆడిన నూకరత్నం గారు ఎవరని అడిగారు. రత్నం లేచి నిలబడింది. పట్టుచీర కట్టుకొచ్చింది ఆవిడ, పెళ్లికి వచ్చినట్టు.

"మంత్రిని బలిచ్చే ఎత్తు మీరు చూశారా అమ్మా? చూసి, మీ చెల్లెలి కోసం వదిలేశారా?"

మణిమాల బల్లకేసి చూస్తూ కూర్చుంది.

"లేదండి," అంది రత్నం. "నాకు కనపళ్లేదు. మిషన్ చెప్పిందే నిజం."

గదిలో ఎవరో కుర్చీ జరిపారు. రత్నం ఆగలేదు. అందరూ వదిలీసాననుకుంటుంటే నేనూరుకున్నానండి, అలా ఊరుకోవడం వల్ల ఏటేటి పోయిందో మొన్ననే తెలిసింది, మా చెల్లి కూడా నా పేరు కోసమే ఇప్పుడీ మాట చెప్పింది, దానిమీద కోప్పడకండి అని చెప్పి కూర్చుంది. అనకాపల్లిలో ఈ సంగతి రేపటికల్లా తెలుస్తుంది. ఆవిడకది తెలుసు.

నాగభూషణం గారు మణిమాలకేసి కళ్లజోడు మీద నుంచి చూసిన చూపుకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. అయితే యంత్రం నమ్మదగినదేనన్నమాట అన్నారాయన. కిరీటి ఆ ఎత్తు చూశాడు, చూడలేదని కమిటీకి అబద్ధం చెప్పాడు. ఇంక తేలనిదేముంది? కుర్రాడి మొహం పాలిపోయింది. గోళ్లు కొరుక్కోవడం కూడా మర్చిపోయి మణిమాలకేసి చూశాడు.

రత్నం నిజం చెబితే దెబ్బ ఎవరి మీద పడుతుందో మణిమాలకి ముందే తెలుసు. తెలిసీ ఆ దారి మూసేద్దామనుకుంది, అక్క తెరిచేసింది. ఇప్పుడు ఆమె చేతిలో మిగిలింది ఒకటే. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని కాగితాన్ని నాగభూషణం గారి ముందు పెట్టింది. ఇది నా ఆట అంది. నా సొంతానికే నష్టం తెచ్చిన ఆట. ఇరవై ఏడో ఎత్తు నేను చూశాను, వదిలేశాను, చూడలేదని లోకమంతటికీ చెప్పాను. జాడ ఇక్కడ కూడా నిజమే చెప్పింది. నేను ఎవరి కోసం వదిలేశాను? ఎదురుగా కూర్చున్న రష్యా అమ్మాయి పేరు కూడా నాకు సరిగా పలకడం రాదు.

"మరెందుకు వదిలేశారు?" అని ఒక సభ్యుడు అడిగాడు.

వెనక అక్క కూర్చుని ఉంది. భయం వల్ల అని చెప్పి ఊరుకోవచ్చు, అది కూడా అబద్ధం కాదు. మణిమాల ఆ మాట నోటి దాకా తెచ్చుకుని మింగేసింది.

"ఆ ఆట నాది కాదనుకున్నాను," అంది. "మా అప్ప నాకిచ్చిందనుకున్నాను. ఇంకొకళ్ల సొత్తుని అంత సాహసానికి పెట్టలేకపోయాను. ఈ కారణం యంత్రం చెప్పలేదు సార్. మూడు రోజుల కిందటి దాకా నేనే ఎవరికీ చెప్పలేదు. కనబడిందో లేదో జాడ చెబుతుంది. ఎందుకు వదిలేశాడో దానికి తెలీదు."

సభ్యులు ముగ్గురూ పక్క గదిలోకి వెళ్లి ముప్పావుగంట కూర్చున్నారు. తిరిగొచ్చి నాగభూషణం గారు తీర్పు చదివారు. కిరీటి గెలిచే ఎత్తు చూశాడన్నది రుజువైంది, స్నేహితుడి కోసం వదిలేశాడన్నది రుజువు కాలేదు. కమిటీకి అబద్ధం చెప్పినందుకు మందలింపు, నిషేధం లేదు. ఇక మీద ఒక్క జాడ మాట పట్టుకుని ఎవరినీ శిక్షించరాదని కూడా రాశారు. జోసెఫ్ గుమ్మం దగ్గర నుంచి వచ్చి ఆమె చేతిలోని ఫైళ్లు అందుకున్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ అతనికి చేతకాదు.

బయట వరండాలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఆటో కోసం నిలబడ్డారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం. ఇన్నేళ్లూ వాళ్లిద్దరి మధ్యా ఆ ఆటే మాట్లాడింది, ఇప్పుడది లేకుండా పోయింది. రత్నం పట్టుచీర కొంగుని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. మణిమాలకి ఇంకా కోపంగానే ఉంది. ఆ కోపంలోనే అక్క చెయ్యి పట్టుకోవాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఉండటం ఆమెకి కొత్త.

కిరీటి మెట్ల దగ్గర నుంచి వెనక్కి తిరిగొచ్చాడు. మణిమాల కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆమె వారించింది. థాంక్స్ మేడమ్ అన్నాడు. వెళ్లిపోవచ్చు గానీ వెళ్లలేదు.

ఆటగత్తెగా ఆమె ఉండబట్టలేక అడిగింది. ఆ ఏనుగు ఎత్తు చాలా అందమైనది, నమ్మకం కుదరలేదా అని.

"కుదిరింది మేడమ్. చివరి దాకా లెక్కేసాను." వాడు ఒకసారి వెనక్కి, ఖాళీగా ఉన్న వరండాకేసి చూసుకున్నాడు. "హేమచంద్ర వాళ్లమ్మకి బాగులేదు మేడమ్. వాడు చాంపియనయితే చూసి పోవాలని ఉందని రోజూ అనేది. మూడు వారాల తర్వాత పోయింది. నేను వాడి కోసమే వదిలేసాను."

మణిమాల మీటింగు గది తలుపుకేసి చూసింది. ఇప్పుడే లోపల, ఆ బల్ల ముందు, తన జీవితాన్ని చీల్చి చూపించి ఆమె విడిపించుకొచ్చిన కుర్రాడు. మళ్లీ లోపలికి వెళ్లి చెప్పాలా? చెప్పకుండా ఉండగలదా? ఏ యంత్రమూ చెప్పలేదన్న కారణం వాడే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

రత్నం మాత్రం వాడినే చూస్తోంది. ఇరవై ఆరేళ్లుగా తన పేరు మీద చలామణీ అయిన పనిని నిజంగా చేసిన మనిషి ఆవిడకి మొదటిసారి కనబడ్డాడు. అతని కళ్ల కింద నల్లటి చారలు, కొరికిన గోళ్లు, భయం. శాలువా కప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆవిడ దగ్గరికి వెళ్లింది.

"ఆ అబ్బాయికి తెలుసా బాబూ?" అని అడిగింది.

"లేదండి. ఆ ఎత్తు నాకు కనపడలేదనే వాడికీ చెప్పాను."

రత్నం వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడూ చెప్పకు," అంది, చెల్లెలి వైపు చూడకుండా. "తెలిస్తే ఆ అబ్బాయి ఇంక ఆడలేడు."